నడిమి పెడల్

దబీర్‌పురా, హైదరాబాదు
ఆగస్టు 4

కమలమ్మ గారికి,

డానియేలు నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదవండి. భయపడకండి, ఎవరూ పోలేదు. మన వయసులో ఉత్తరం వస్తే ముందు పుట్టేది ఆ అనుమానమే కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను.

సొరకాయ దొరికింది.

మన సొరకాయే. మీ నాన్న శ్రీహరిరావు గారు నీటిపారుదల ఆఫీసు ఫైళ్ల మధ్య దొంగతనంగా గీసిన బొమ్మను నేను ఈ గల్లీలో ఇనుప గొట్టాలతో నిలబెట్టిన రేసు బండి. పైకప్పు లేదు, మడ్‌గార్డులు లేవు, పక్కన ఇంకొకరు కూర్చునే వీలు లేదు. ఆకారం చూసి గల్లీవాళ్లు సొరకాయ అంటే మీ నాన్న గారు వారం రోజులు అలిగారు. డెబ్బై ఆరులో మద్రాసు అవతల పాత విమానాల రన్‌వే పట్టీ మీద ఇరవై రెండేళ్ల మీరు దాన్ని నడిపారు. అది ఛాంపియన్‌షిప్ లెక్కలోకి రాని రేసు. పాయింట్లు లేవు. గెలిచినవాడికి కప్పు, మిగతావాళ్లకు ఎండ. మనకు ఎండ వచ్చింది.

పురానాపూల్ దగ్గర ఒక పాత సామాన్ల గోడౌన్‌లో, తుప్పు పట్టిన కూలర్ల కింద పడి ఉందట. లక్ష్మీకాంత్ అని ఒకతను కొన్నాడు. తాత తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు; ఇతనికి కంప్యూటర్ ఉద్యోగం, పాత బండ్ల పిచ్చి. వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, ఇది మీరు చేసిందేనా?" అన్నాడు. ట్రాలీ మీద దాన్ని చూసి నాకు నోట మాట రాలేదు. నాకు! మా ఆవిడ బేబీ ఇప్పటికీ నమ్మడం లేదు.

అసలు సంగతికి వస్తాను. డిసెంబరు మొదటి శనివారం మద్రాసు దగ్గర కొత్త ట్రాకు మీద పాత రేసు బండ్ల పరుగు పెడుతున్నారు. దానికీ పాయింట్లు లేవు. అప్పట్లో ఏ బండిని ఎవరు నడిపారో, బతికి ఉంటే వాళ్లే నడపాలని ముచ్చట. మిమ్మల్ని అడగమని లక్ష్మీకాంత్ నన్ను అడిగాడు. అడిగాను. అతని నంబరు కాగితం వెనక రాశాను. నా బాధ్యత తీరింది.

ఇప్పుడు నా మాట వినండి. వద్దని రాయండి. మోకాళ్లని రాయండి, బీపీ అని రాయండి, అమ్మాయి ఒప్పుకోలేదని రాయండి. మీకు డెబ్బై, నాకు డెబ్బై ఐదు. అప్పుడు ఇంజను చప్పుడు వింటే మీరు ఏ మలుపులో ఉన్నారో చెప్పేవాణ్ని. ఇప్పుడు నా చెవులు రెండూ రాజీనామా ఇచ్చాయి. అందుకే ఫోను కాదు, ఉత్తరం. బేబీ చేత మాట్లాడిస్తే నేను చెప్పింది సగం, తన సొంతం సగం కలుపుతుంది. మా అక్క కొడుకు నగేష్‌ను టైరు తెమ్మని చెప్పమంటే, వాడికి పెళ్లిసంబంధం చెప్పి ఫోను పెట్టేసింది. నలభై ఏళ్లవాడు, పాపం, సాయంత్రం ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. టైరు రాలేదు.

మీ
డానియేలు


కాకినాడ
ఆగస్టు 12

డానియేలన్నా,

కూర్చోమన్న మాట చదివి మరీ నిలబడ్డాను.

నడుపుతాను. లక్ష్మీకాంత్‌కు కూడా చెప్పేశాను, మీరు మధ్యలో అడ్డుపడకుండా.

కారణం అడుగుతారు, తెలుసు. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో అటక మీది డబ్బా దించడానికి స్టూలు ఎక్కాలంటే నాకు అనుమతి కావాలి. మా అమ్మాయి సాహిత్య మంచి పిల్ల. మంచి పిల్ల కాబట్టే స్టూలు దాచేసింది. ఎవరో నన్ను "నడుపుతారా?" అని అడిగి ఎన్నేళ్లయిందో మీరే లెక్క వేసుకోండి. దీనికి కూడా దాన్ని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. తనూ వస్తానన్న షరతు మీద ఒప్పుకుంది.

నా షరతు ఒక్కటే. బండిలో ఏదీ మార్చకండి. ఆకుపచ్చ రంగు, ఆ ఇరుకు సీటు, నడిమి పెడల్, అన్నీ అలాగే ఉండాలి. నాన్న గారు చూసిన బండే నాకు కావాలి.

మీరు వస్తున్నారు కదా?

కమలకుమారి


దబీర్‌పురా
సెప్టెంబరు 20

కమలమ్మ గారికి,

మీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి నాకు నిద్ర లేదు. బేబీ మాత్రం గురక పెడుతోందట. నాకు వినపడదు కాబట్టి సంసారం సాఫీగా సాగుతోంది.

పని బాగానే నడుస్తోంది. షెడ్డు ఇప్పుడు నగేష్‌ది, చేతులు వాడివి, తిట్లు నావి. ఇంజను తిరిగింది. గొట్టాలకు తుప్పు పైపైనే. ఆకుపచ్చ రంగు కోసం నయాపూల్ అంతా తిరిగాను. అక్కడ కోర్టు ముందు టైపు కొట్టే ఒక ముసలాయన నన్ను కక్షిదారుననుకుని వెంటపడ్డాడు. "ఏం కేసు చాచా?" అని అరిచాడు. "ఆకుపచ్చ రంగు కేసు" అన్నాను. "జమీన్ లొల్లి లేదా?" అని నిరాశపడి వెళ్లిపోయాడు. ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజంతా నేను నవ్వింది అక్కడే.

మీకు నడిమి పెడల్ గుర్తుంది. కానీ అదెందుకు అలా అయిందో గుర్తుందా? లోకంలో ఏ కారైనా ఎడమది క్లచ్, నడిమిది బ్రేకు, కుడిది యాక్సిలరేటర్. మన బండి ముక్కు సన్నం. కుడివైపు నుంచి తీగ లాగితే గొట్టం అడ్డం వచ్చింది. అందుకని యాక్సిలరేటర్ నడుమ పెట్టి, బ్రేకు కుడికి జరిపాను. అప్పటికి మీకు వేరే కారు నడపడం రాదు. నేర్చుకున్నదే దీని మీద. కాబట్టి మీ కాళ్లకు అదే న్యాయం అయింది.

పోయిన ఆదివారం నేనే ఎక్కి కూర్చున్నాను. ఊరికే గల్లీ చివరిదాకా, నడక వేగంతో. ఆగయ్య కోళ్ల దుకాణం ముందు ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు అనుకుని నడిమిది తొక్కాను. ఈ బండి చేసినవాణ్ని నేనే, కమలమ్మా! ఏది ఎక్కడుందో నా అరచేయిలా తెలుసు. కాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. బండి ఎగిరి ఆగయ్య షట్టర్‌కు ముద్దు పెట్టింది. ఆటో ఎటు తప్పుకుందో దేవుడికే తెలుసు. కోళ్లు గల్లీ అంతా.

ఆగయ్య బయటికి వచ్చాడు. "ఏందన్నా గిది! గీ వయసుల నా దుకాణమే దొరికిందా?"

వెనక నుంచి బేబీ. "ఆయనకు సిగ్గులేదు, నీకన్న బుద్ధిలేదా నగేషూ, ముసలాయన్ని గా డబ్బల కూసోబెడ్తవా?"

"నేనెందుకు కూసోబెడ్త అత్తా, ఆయననే దుంకి కూసున్నడు!"

నాకేమీ కాలేదు. సొరకాయకు చిన్న సొట్ట, సరిచేశాం. ఇదంతా సరదాకు రాస్తున్నాను. అన్నట్టు, ఈ మధ్య మీరు ఏ కారు నడుపుతున్నారు? రోజూ నడుపుతారా? ఊరికే అడుగుతున్నాను.

మీ
డానియేలు


కాకినాడ
అక్టోబరు 9

డానియేలన్నా,

కోళ్ల కథ సాహిత్యకు చదివి వినిపించాను. నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి నా వైపు చూసింది. ఇకమీదట మీ ఉత్తరాలు ముందు నేను చదువుకుని తర్వాత వడకట్టి వినిపిస్తాను.

మా ఇంట్లో మామూలు చిన్న కారే ఉంది. పదిహేనేళ్లుగా కూరగాయలకూ, బ్యాంకుకూ నేనే నడిపేదాన్ని. నెల రోజుల నుంచి మానేశాను. వానలకు రోడ్లు బాగాలేవు. ఆటోలో వెళ్తున్నాను. అంతకంటే ఏమీ లేదు, మీరు ఊహలు పెంచకండి.

ప్రాక్టీసు సంగతి అడగలేదు కానీ, అడగడానికే అంత కోళ్ల కథ రాశారని తెలుసు. నా ఏర్పాట్లు నాకున్నాయి. ఆ నడిమి పెడల్ గురించి మీరెంత గొప్పగా చెప్పుకునేవారో నేను మరిచిపోలేదు. ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చూపించకుండా చాయ్ ఇచ్చేవారు కాదు. దాన్ని అలాగే ఉంచండి. అంతవరకు మీ పని. మిగతాది నా పని.

వస్తున్నారా అని అడిగాను. రెండోసారి అడుగుతున్నాను.

కమలకుమారి


దబీర్‌పురా
నవంబరు 26

కమలమ్మ గారికి,

ఈ ఉత్తరం చదివి మీరు నన్ను తిడతారు. తిట్టండి. సొరకాయ నిన్న లారీ ఎక్కింది. అది ఊరు దాటాలని ఆగి ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

పెడళ్లు మార్చేశాను.

మీ అక్టోబరు ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పదిహేనేళ్లు మామూలు కారు నడిపిన కాళ్లు మీవి. పైగా ఇప్పుడు కారే ముట్టడం లేదని రాశారు. వానలంటే నేను నమ్మలేదు. భయం పట్టుకుందో, కళ్లు మసకబారాయో, పైకి చెప్పడం లేదనుకున్నాను. ఆగయ్య షట్టర్ ముందు నా కాలు చేసిన పని అక్కడ నూరు మైళ్ల వేగంలో మీ కాలు చేస్తే? ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు.

అందుకని గొట్టాన్ని తప్పించి ఒక వంపు కడ్డీ వేసి, యాక్సిలరేటర్ కుడికి తెచ్చాను. నడిమిది బ్రేకు. ఇప్పుడది మీ కూరగాయల కారు లెక్కే.

నగేష్ ఒప్పుకోలేదు. "మామా, అమ్మగారికి చెప్పకుంటనా?"

"చెప్తే వద్దంటది."

"వద్దంటే వద్దు గద మామా. నడిపేది ఆమె గదా."

"నువ్వు పానా పట్టు, వకాలత్ జెయ్యకు" అన్నాను. వాడు మొహం తిప్పుకుని బిగించాడు. లక్ష్మీకాంత్‌కు కూడా చెప్పలేదు; అతనికి అన్నీ పాతవే ఉండాలి. నగేష్ అక్కడికి వస్తున్నాడు, మీరు రాగానే మీ చెవిలో వేస్తాడు.

నేను రావడం లేదు. మూడోసారి అడుగుతారని ముందే చెబుతున్నాను. వినపడని రేసు దగ్గర నిలబడే ధైర్యం నాకు లేదు. ఇక్కడే ఉంటాను. జాగ్రత్త.

మీ
డానియేలు


కాకినాడ
నవంబరు 27

డానియేలన్నా,

రేపు ఉదయం బయలుదేరుతున్నాం. సాహిత్యకు అన్నవరంలో ఒక మొక్కు, నెల్లూరులో ఒక స్నేహితురాలు. అవన్నీ చూసుకుని మద్రాసు చేరేసరికి పరుగుకు ముందురోజు శుక్రవారం అవుతుంది. వెళ్లే ముందు మీకొక సంగతి చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టాలి. ఇన్నాళ్లూ దాచిపెట్టాను.

సెప్టెంబరులో వడ్రంగి బసవయ్యను పిలిచి, భోజనాల బల్ల కింద మూడు చెక్కలు బిగించమన్నాను. స్ప్రింగులతో సహా. ఎడమ క్లచ్, నడిమిది యాక్సిలరేటర్, కుడిది బ్రేకు, మన సొరకాయలాగే. అతను చెక్కల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కుట్టు మిషనాండీ?" అన్నాడు. అవునన్నాను.

అప్పటి నుంచి పొద్దున, సాయంత్రం సాధన. కళ్లు మూసుకుని అప్పటి ఆ పాత పట్టీ అంతా మనసులో తిరగడం, కాళ్లతో తొక్కడం. "అమ్మా, కాళ్లతో హార్మోనియం వాయిస్తున్నావా?" అంటుంది సాహిత్య. మొదట్లో పాత అలవాటు వదల్లేదు. అందుకే మామూలు కారు మానేశాను, కాళ్లు రెండు భాషలు మాట్లాడకూడదని. వానలని మీకు అబద్ధం చెప్పాను. పెడళ్లు నాకు కష్టమని తెలిస్తే మీరు మార్చేస్తారు. మీకు ప్రాణమైన పని నా చేతగానితనం వల్ల పోకూడదు.

ఇప్పుడు పూర్తిగా వచ్చేసింది. ఎంతగా అంటే, నిన్న సాహిత్య కారు కొంచెం వెనక్కి తీయమంది. ఆపబోయి కుడిది తొక్కాను. వెనక గేటు ఒక రెక్క వంగింది. సాహిత్య లబలబలాడుతుంటే నాకు లోపల ఎంత సంతోషమో! కాళ్లు మామూలు కారును పూర్తిగా మరిచిపోయాయన్నమాట.

ఇక మీరు నిశ్చింతగా నిద్రపోండి.

కమలకుమారి


దబీర్‌పురా
డిసెంబరు, మొదటి శనివారం

కమలమ్మా,

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. వారం రోజులు ఎక్కడ తిరిగిందో! పోస్టుమాన్ ఇంకా గల్లీ మలుపులోనే ఉన్నాడు. పరుగు పదకొండింటికట. పది దాటింది.

ఈ కాగితం మీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే చేతులు ఆగడం లేదు.

నగేష్ మీకు చెప్పే ఉంటాడు. మీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే ఏం లాభం? నాకు తెలియదా? ఆగయ్య షట్టర్ ముందు నాకు అన్నీ తెలుసు.

బేబీ ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఏమంటోందో ఆమె పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నాను. మిగతాది నా చెవిలో అరుస్తోంది.

"కమలమ్మది బందున్నది."

నగేష్‌కు చేయమన్నాను.

"మోగుతుంది. ఎత్తుతలేడు. గా ఇంజన్ల చప్పుడుల ఏం ఇనపడ్తది వానికి!"

మళ్లీ చేయమన్నాను. పదకొండయ్యేదాకా మళ్లీ మళ్లీ చేసింది. లోకంలో చెవిటివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను. ఈ పూట అందరూ చెవిటివాళ్లే.

సాహిత్య నంబరు మా దగ్గర లేదు. మీరు వేసుకున్న చెక్కలు నా కళ్ల ముందు ఆడుతున్నాయి. సెప్టెంబరు నుంచి! నేను మీ కాళ్ల కోసం బండిని మార్చాను, మీరు నా బండి కోసం కాళ్లను మార్చుకున్నారు. ఒక్క ముక్క అడిగి ఉంటే పోయేది కదా. నేను అడగలేదు. కోళ్ల కథ రాశాను.

లక్ష్మీకాంత్ ఎత్తాడు! బేబీ చెబుతోంది. "బాబూ, అమ్మను ఆపుండ్రి. పెడళ్లు మార్చిండ్రు. కాదు, ఆమెకు తెల్సు. తెల్సు గానీ కాళ్లకు తెల్వదు. అయ్యో, ఇగ ఎట్ల జెప్పాలె నీకు!" ఈసారి ఒక్క ముక్క కూడా సొంతం కలపలేదు. కలుపుతున్నదేమో అనిపించేలా ఉంది అసలు సంగతే.

అతను ఏమన్నాడో ఆమె ముఖంలో చూశాను. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"బండ్లు ఎల్లిపోయినయంట."

ఇక రాయలేను.


మద్రాసు
డిసెంబరు, సోమవారం

డానియేలన్నా,

నేను బాగానే ఉన్నానని బేబమ్మకు ఫోనులో చెప్పాను. ఆమె మీకు ఏం చెప్పిందో తెలియదు కాబట్టి రాస్తున్నాను. కుడి మోకాలు కమిలింది. పక్కటెముక ఒకటి నొప్పిగా ఉంది, విరగలేదు. సొరకాయ ముక్కు నలిగింది.

లారీ దారిలో చెడిపోయి ఆలస్యమైంది. శనివారం పొద్దున గానీ బండి దిగలేదు. నగేష్ నన్ను పక్కకు పిలిచి, తల వంచుకుని చెప్పాడు. "అమ్మా, మామ పెడళ్లు మార్పించిండు. నేను వద్దన్న." నేను "సరే" అన్నాను. బల్ల కింది చెక్కల సంగతి అతనికి చెప్పలేదు. చెబితే సాహిత్యకు తెలుస్తుంది, తెలిస్తే స్టూలు దాచినట్టు బండిని దాచేస్తుంది. అంత దూరం వచ్చి, హెల్మెట్ చేతిలో పట్టుకుని, ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. చెప్పకపోవడంలో మీరూ నేనూ ఒకే బడిలో చదివినట్టున్నాం.

కూర్చున్నాను. నడిమిది బ్రేకు, కుడిది యాక్సిలరేటర్. ఎక్కం అప్పజెప్పినట్టు అనుకుంటూనే ఉన్నాను. జెండా ఊపారు. అందరికంటే వెనక బయలుదేరాను. మొదటి రౌండు అంతా బ్రేకు అవసరమే రాకుండా నెమ్మదిగా తిరిగాను. అన్నా, ఆ చప్పుడు! వీపు వెనక నుంచి పక్కటెముకల్లోకి వచ్చే ఆ చప్పుడు! రెండో రౌండుకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎక్కం చెప్పడం మరిచిపోయాను.

మలుపులో ముందున్న ఎర్రబండి ఉన్నట్టుండి నెమ్మదించింది. అందులో నాకంటే పెద్దాయన, ఎనభై దాటినవాడు. హెల్మెట్ వెనక తెల్లజుట్టు కనిపించింది. ఆపుదామనుకున్నాను. కాలు కుడికి వెళ్లింది.

బండి గెంతింది. ఆయన తల నా ముక్కుకు ఎదురుగా పెద్దదవుతూ వచ్చింది. స్టీరింగు గడ్డి వైపు తిప్పేశాను. కాలు ఇంకా తొక్కుతూనే ఉంది అన్నా. ఆపుతున్నాననే అనుకుంటోంది కదా, ఇంకా గట్టిగా తొక్కుతోంది. టైర్ల గుట్ట వచ్చి ఆపింది. పెద్దాయనకు ఏమీ తెలియదు. తన దారిన తను రౌండు పూర్తిచేసి చేయి ఊపాడు.

లక్ష్మీకాంత్ పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, డానియేలు అంకుల్ మిమ్మల్ని ఆపమన్నారు" అన్నాడు. టైర్ల గుట్టను చూపించి "ఆపేశారు" అన్నాను.

ఆ మధ్యాహ్నమే రెండో పరుగు ఉండింది. నగేష్ ముక్కు సరిచేశాడు, బండి నడిచే స్థితిలోనే ఉంది. సాహిత్య నా పక్కన వచ్చి కూర్చుంది, తిడుతుందనుకున్నాను. మోకాలికి మంచుగడ్డ పెడుతూ, "నీ ఇష్టం అమ్మా" అంది. నేనే వద్దన్నాను. ఆ తెల్లజుట్టు కళ్లలో నుంచి పోలేదు.

మీ మీద కోపం ఉంది. నా మీద కూడా ఉంది కాబట్టి, మీ వాటా సగమే. నేను చచ్చిపోతాననే భయంతో మీరు మార్చారు. బాగుంది. నన్ను అడిగితే చచ్చిపోయేవారా?

బండి మీ దగ్గరికే వస్తోంది. లక్ష్మీకాంత్ ఫిబ్రవరిలో ఇంకొక పరుగు ఉందంటున్నాడు. నేను ఇంకా తేల్చుకోలేదు.

కమలకుమారి


దబీర్‌పురా
డిసెంబరు 19

కమలమ్మ గారికి,

మీ ఉత్తరం బేబీ చేతికే ముందు దొరికింది. చదివి, నాకు ఇవ్వకుండా వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చి ఇచ్చింది. "ఆమెకు నువ్వు జవాబు రాస్తవు గదా, గీసారి కథలు జెప్పకు" అంది. అందుకని చెప్పడం లేదు.

బండి వచ్చింది. ముక్కు రేకు నగేష్ విప్పాడు. పెడళ్లు మూడూ కింద పెట్టాం. వంపు కడ్డీ ఉంది, పాత తీగ ఉంది. ఎటైనా పెట్టవచ్చు.

ఫిబ్రవరికి మీరు నడిపినా సరే, నడపకపోయినా సరే. మీ కాళ్లకు ఇప్పుడు ఏది వచ్చో, ఏది రాదో నాకు తెలియదు. తెలుసనుకోవడం మానేశాను.

పెడళ్లు ఎలా పెట్టమంటారు?

నగేష్ పానా పట్టుకుని గడపలో కూర్చున్నాడు. మీ జవాబు వచ్చేదాకా బిగించవద్దని చెప్పాను.

డానియేలు